బాల్కొండ అంటే ఎన్ని అక్షరాలు?

బాల్కొండ అన్న మాటలో ఎన్ని అక్షరాలున్నాయని రెండో తరగతి పిల్లనడిగితే బా, ల్కొం, డ అని వేళ్ళు మడిచి మూడని చెప్తుంది. అదే మాటను పైథాన్‌కిచ్చి పొడవెంతని అడిగితే ఎనిమిదంటుంది. సి భాషనడిగితే ఇరవై నాలుగు. లేఖినిలో రాసేవాళ్ళు తొమ్మిది మీటలు నొక్కాలి. చదివేవాడి కంటికి ఒక్కొక్కటిగా ఆనే అక్షరాలెన్ని అని యూనికోడ్ సూత్రాలను అడిగితే, 2023 దాకా నాలుగన్నాయి, ఆ తర్వాత నుంచి మూడంటున్నాయి. ఈ జవాబుల్లో ఏదీ తప్పు కాదు. ఒక్కో జవాబు వెనక ఒక్కో కాలంలో, ఒక్కో చోట కూర్చుని ఎవరో తీసుకున్న నిర్ణయం ఉంది. పిల్ల చెప్పిన లెక్కకు చేరడానికి యంత్రాలకు ఇంతకాలం ఎందుకు పట్టిందన్నది ఒక కథ. ఈలోగా మనం ఏం పోగొట్టుకున్నామన్నది ఇంకో కథ.

ఆర్మూర్ నుంచి నాగపూర్ పోయే పెద్దరోడ్డు మీద ఉత్తరంగా వెళ్తే బాల్కొండ తగులుతుంది. పాత కోట, కాస్త దూరంలో పోచంపాడు కట్ట, చుట్టూ పసుపు, మక్క, ఎర్రజొన్న చేన్లు. కంప్యూటర్ల చరిత్రలో ఈ ఊరికి చోటేమీ లేదు. అయితే 1990ల తర్వాత ఇలాంటి ఊళ్ళన్నిటిలోనూ తెలుగు రెండు రకాలుగా కంప్యూటర్‌లోకి వెళ్ళింది. బస్టాండు పక్క డీటీపీ దుకాణంలో ఒక రకంగా, ఊరు విడిచి అమెరికా పోయినవాళ్ళ టెర్మినళ్ళలో ఇంకో రకంగా. ఒకచోట అక్షరం బొమ్మను దాచారు, ఇంకోచోట అక్షరాన్నే దాచారు. అప్పట్లో ఈ తేడా ఎవరికీ పట్టలేదు. పాతికేళ్ళు గడిచాక పట్టింది.

అమెరికా వైపు కథ చెప్పాలంటే ముందు ఎడిటర్ల సంగతి చెప్పాలి. వీఐ గొప్పదా, ఈమ్యాక్స్ గొప్పదా అని ప్రోగ్రామర్లు వాదులాడుకోవడం మొదలుపెట్టి యాభై ఏళ్ళవుతోంది. రెండూ 1976లో పుట్టినవే. బర్క్‌లీలో బిల్ జాయ్ వీఐ రాశాడు, ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్, అతని తోటివాళ్ళు ఈమ్యాక్స్ కట్టారు. వీఐలో కర్సర్‌ను కదపడానికి హెచ్, జె, కె, ఎల్ మీటలు నొక్కాలి. ఎందుకలా అంటే, బిల్ జాయ్ దగ్గరున్న ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు వేరే బాణం మీటల్లేవు. ఆ నాలుగు అక్షరాల మీదే బాణాలు అచ్చేసి ఉండేవి. ఎస్కేప్ మీట కూడా ఇప్పుడు ట్యాబ్ ఉన్న చోట, చిటికెన వేలికి అందేట్టు ఉండేది. ఆ టెర్మినళ్ళు ఎప్పుడో తుక్కులోకి పోయాయి. బాణం మీటలు నాలుగూ పక్కనే ఉన్న ల్యాప్‌టాప్‌ మీద, విమ్‌లో పనిచేసే కుర్రాళ్ళు నేటికీ జె నొక్కి కిందకి దిగుతారు. నా చిటికెన వేలు కూడా అంతే. దాని అలవాటు నాకంటే పాతది.

ఎడిటర్లలో ఏది మంచిదన్న తగాదా నాకిప్పుడు పెద్దగా పట్టదు. ఆ రెండు వర్గాలూ మాట్లాడకుండానే ఒప్పుకున్న సంగతి ఒకటుంది, నాకు కావలసింది అది. ఫైలంటే సాదా టెక్స్టు. అందులో అక్షరాలుంటాయి, వాటి సైజు, రంగు, సోకు ఉండవు. ఏ ఎడిటర్‌లో రాసినా ఇంకే ఎడిటర్‌లోనైనా తెరుచుకోవాలి. గ్రెప్ కొడితే మాట దొరకాలి, సార్ట్ కొడితే వరస కుదరాలి. యూనిక్స్ మీద పనిచేసినవాళ్ళకి ఇది ఒంటబట్టిన నడత. వాళ్ళలో కొందరు తెలుగువాళ్ళు కావడం మన అదృష్టం.

1990ల మొదట్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు యూజ్‌నెట్ అందుబాటులో ఉండేది. తెలుగువాళ్ళ కోసం సోక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు అన్న చర్చావేదిక వెలిసింది, పొట్టిగా ఎస్‌సీఐటీ. అక్కడ తెలుగులో రాయాలంటే చిక్కు. ఆ రోజుల్లో ఉత్తరం ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి గెంతుకుంటూ పోయేది, మధ్యలో ఏదైనా ఒకటి ఎనిమిదో బిట్టును కోసేయొచ్చు. మిగిలేవి ఏడు బిట్లు, 128 గళ్ళు. వాటిలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు పోను తెలుగుకి ఒక్క గడీ ఖాళీ లేదు. కాబట్టి తెలుగు ఇంగ్లీషు వేషం వేసుకునే ప్రయాణం చెయ్యాలి.

వేషం వెయ్యడం కొత్తేమీ కాదు, తలా ఒక రకంగా వేస్తున్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దానికొక పద్ధతి పెట్టారు. అదే ఆర్‌టీఎస్, రైస్ లిప్యంతరీకరణ ప్రమాణం. చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. చిన్న డి ద, పెద్ద డి డ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. సున్నకు పెద్ద ఎం. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ ఇందులో పట్టింపు ఒకటుంది: ఆ రోమన్ రాతను చూసి తెలుగు ఇదీ అని సందేహం లేకుండా తిరిగి రాబట్టగలగాలి. ఇంటికి రాసే ఉత్తరాల్లో మనవాళ్ళు వాడే 'టింగ్లీషు'లో ఆ గుణం లేదు. అందులో పాలు, పళ్ళు, పల్లు అన్నీ కలిసిపోతాయి. ఆర్‌టీఎస్‌లో కలవవు. రోమన్ రాతగానే చదువుకోవడానికీ వీలుగా ఉండేది, అలవాటైనవాళ్ళు మనసులోనే తెలుగులోకి తిప్పుకుని కవిత్వం మీద పేజీలకు పేజీలు పోట్లాడుకునేవాళ్ళు.

తెలుగు లిపిలో చూడాలనుకున్నవాళ్ళకు ఇంకో ఏర్పాటుంది. రైస్ వాళ్ళ ప్రోగ్రాం ఆ రోమన్ రాతను తీసుకుని, లక్ష్మి ముక్కవిల్లి, లక్ష్మణ్‌కుమార్ ముక్కవిల్లి చేసిన తెలుగు టెక్ ఫాంట్లకు అందించేది, అక్కణ్ణించి కాగితం మీద ముత్యాల్లాంటి తెలుగు అచ్చయ్యేది. ఇక్కడ గమనించాల్సింది పని విభజన. రాసింది ఒకచోట, చూపించేది ఇంకోచోట. ఫాంట్ మారినా రాసింది మారదు. ప్రోగ్రామర్లకు ఇది సహజంగా తోస్తుంది, ఎందుకంటే వాళ్ళు రోజూ చేసే పనే అది: మూలం ఒక ఫైల్లో ఉంటుంది, దాన్నుంచి పుట్టేది ఇంకో ఫైల్లో ఉంటుంది, పుట్టినది చెడితే మూలం నుంచి మళ్ళీ పుట్టించుకుంటారు. ముప్పై ఏళ్ళ కిందటి ఆర్‌టీఎస్ ఫైలు ఇవాళ నా దగ్గరకొస్తే ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది. తెలుగు లిపిలోకి మార్చడానికి ఓ మధ్యాహ్నం చాలు.

అదే కాలంలో ఇండియాలో ప్రభుత్వం తరఫున జరిగిన పని కూడా తీసిపారేయదగ్గది కాదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పూణేలోని సీడాక్‌కు చేరిన జిస్ట్ పరిజ్ఞానం, దానితో పాటు ఇస్కీ అన్న సంకేత ప్రమాణం, ఇన్‌స్క్రిప్ట్ అన్న కీబోర్డు. ఇస్కీ 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 13194గా స్థిరపడింది. అందులోని ఆలోచన ఒక్క ముక్కలో చెప్పొచ్చు. బ్రాహ్మి నుంచి పుట్టిన లిపులన్నిటికీ వర్ణమాల ఒకటే, కాబట్టి క అన్నదానికి ఒకే సంఖ్య ఇద్దాం, తెలుగులో చూపించాలా హిందీలో చూపించాలా అన్నది తర్వాత తేల్చుకుందాం. ఒత్తులకు వేరే సంఖ్యల్లేవు. క, పొల్లు, ల వరసగా వస్తే క్ల అని యంత్రమే కట్టుకోవాలి. కీబోర్డూ అంతే: అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి, ఏ భాషకైనా క ఒకే మీట మీద. నేను ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుని వాడుతున్నాను. బాల్కొండకు సరిగ్గా ఎనిమిది మీటలే పడతాయి, మెదడు ఇంగ్లీషు గుమ్మంలోంచి దూరి రావలసిన పని లేదు. ఇంత చక్కటి ఏర్పాటు జనంలోకి ఎందుకు వెళ్ళలేదంటే, నా అంచనాలో, అది దఫ్తరుల కోసం పుట్టింది. ఊళ్ళో కంప్యూటర్ కొన్నవాడికి కావలసింది పెళ్ళికార్డు.

ఇక ఊరి వైపు కథ. సీసపు అచ్చుల కాలం నుంచీ తెలుగు అచ్చు పనంటే ముక్కలు పేర్చడమే. కంపోజిటర్ ముందు వందల గళ్ళ పెట్టె, తలకట్టుతో క, దీర్ఘంతో కా, ఒత్తులు, గుణింతపు ముక్కలు. టైప్‌రైటర్ కూడా ముక్కల పనే. 1985లో పేజ్‌మేకర్ వచ్చి డీటీపీ అన్న మాటను ప్రపంచానికి పరిచయం చేసింది. మన దగ్గర ఆ పెట్టెలోని ముక్కలన్నీ ఫాంట్లలోకి ఎక్కాయి. అను, శ్రీలిపి లాంటివి చేసింది ఇదే. ఇంగ్లీషు అక్షరాలూ, ఐరోపా వాళ్ళ గుర్తులున్న అక్షరాలూ కూర్చునే గళ్ళలో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. పేజ్‌మేకర్‌కు తాను తెలుగు చూపిస్తున్నానన్న సంగతే తెలియదు. దానికి అది వింత ఫాంట్ వేసుకున్న ఇంగ్లీషు.

ఇందులో తిరకాసు ఎక్కడుందో పసుపు అన్న మాటలోనే చూడొచ్చు. సు, పు. రెండింటిదీ కొమ్మే, కానీ రెండు కొమ్ములూ ఒక ఆకారంలో ఉండవు. సుకు కొమ్ము పక్కన తగులుతుంది, పుకు కిందికి దిగి తిరుగుతుంది. ప, ఫ, వలకు అలా దిగకపోతే ఇంకో అక్షరంతో పొరబడతాం, వ పక్కన మామూలు కొమ్ము పెడితే అది మలా కనిపిస్తుంది కదా. అక్షరాన్ని దాచే పద్ధతిలో పసుపుకు అయిదు సంఖ్యలు, అందులో కొమ్ము సంఖ్య రెండుసార్లూ అదే. బొమ్మను దాచే పద్ధతిలో రెండు కొమ్ములూ రెండు వేరే ముక్కలు, వాటికి వేర్వేరు గళ్ళు. ఏ ముక్క ఏ గడిలో అన్నది ఫాంట్ చేసినవాళ్ళ ఇష్టం. అను వాళ్ళ గళ్ళు వేరు, శ్రీలిపి వాళ్ళవి వేరు, ఈనాడు వెబ్‌సైటు చాలా ఏళ్ళు వాడిన సొంత ఫాంట్‌వి వేరు. కొన్ని ఫాంట్లలో క్రారవడి అసలు అక్షరం కంటే ముందే పడుతుంది, కంటికి అలా కనిపిస్తుంది కాబట్టి. ఫాంట్ తీసేస్తే మిగిలేది చీమలు పాకినట్టు ఏవో గుర్తులు.

డీటీపీ వాళ్ళను తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. కాగితం మీద అందంగా పడాలన్నదే షరతు అయినప్పుడు ఇంతకంటే మంచి పద్ధతి అప్పుడు లేదు. ఆర్మూర్, బాల్కొండ వైపు పెళ్ళికార్డులు, బ్రహ్మోత్సవాల కరపత్రాలు, ఎన్నికల పాంప్లెట్లు, విత్తనాల కంపెనీల కాగితాలు, ఊరి కవుల పుస్తకాలు, అన్నీ ఇలా తయారైనవే. ఒకటి రెండు దశాబ్దాల పాటు తెలుగు నేల మీద పుట్టిన రాతలో అమెరికా టెర్మినళ్ళలో పుట్టింది గోరంత, ఈ దుకాణాల్లో పుట్టింది కొండంత. ఇవాళ వెతికితే దొరికేది గోరంతే.

మా మేనమామ బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. విత్తనం పెట్టే రోజు నుంచి పంట తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబెట్టి, డ్రమ్ములో వేసి నునుపు చేసి, కొమ్ము వేరు గోల వేరు చేసి మార్కెట్‌కు తోలే దాకా పసుపు రైతులు వాడే మాటలన్నీ పోగేశాడు. ఓ చిన్న పుస్తకం అచ్చయింది. దానికి రెండింతలు చేసి రెండో కూర్పు టైపు చేయించాడు గానీ అది అచ్చుకు వెళ్ళకముందే ఆయన పోయాడు. చేతిరాత ప్రతి ఇంట్లో ఎవరికీ దొరకలేదు. మిగిలింది ఒక సీడీ, అందులో పేజ్‌మేకర్ ఫైళ్ళు. దాన్ని తీసుకుని ఓ డీటీపీ సెంటర్‌కు పోతే, అక్కడి పిల్లగాడు తెరిచి చూసి నవ్వాడు.

"ఫాంటు లేకుంట తెరిస్తే గిట్లనే అస్తదన్నా. ఫైలు మంచిగనే ఉన్నది, సదివెటిది లేదు."

"ఇప్పుడు చేసేటియన్న యూనికోడ్‌ల చెయ్యొచ్చు గద తమ్మీ?"

"చెయ్యొచ్చు గని, పెండ్లి కార్డు మీద గా గౌతమి పెడితే ఎవ్వలన్న తీసుకుంటరా అన్నా?"

అతని మాటలో న్యాయం ఉంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంట్ తెర మీద చదువుకోవడానికి పనికొచ్చింది గానీ దాంతో పెళ్ళి పిలుపు ఇవ్వాలని ఎవరికీ అనిపించదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ చివరిదాకా రాలేదు. అడోబ్ వాళ్ళు 2001లో 7.0 తెచ్చి ఆ తర్వాత దాన్ని వదిలేశారు. ఇన్‌డిజైన్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా కుదరడానికి 2012 నాటి సీఎస్6 దాకా ఆగాల్సొచ్చింది. మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు వచ్చేనాటికి ఊళ్ళో వేళ్ళు అను కీబోర్డుకు అలవాటుపడిపోయాయి. ఏడీఎం-3ఏ బాణాల కథే మళ్ళీ. కాకపోతే విమ్ అలవాటు వల్ల ఎవరి రాతా పోలేదు.

యూనికోడ్ సంగతికొస్తే, 1991 అక్టోబరులో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుంది. మన లిపులకు ఇచ్చిన గళ్ళు ఇస్కీ 1988 నాటి వరసను చూసి పేర్చినవే. అందుకే పదహారు మీద కట్టిన లెక్కలో హిందీ క 0915 అయితే తెలుగు క 0సి15. తెలుగు సంఖ్యకు 128 కలిపితే కన్నడ అక్షరం వస్తుంది. ఎక్కడో దఫ్తరులో దుమ్ము పట్టిందనుకున్న ఇస్కీ ఇలా వేషం మార్చుకుని ప్రతి ఫోన్‌లోనూ కూర్చుంది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఓ హోటల్ బల్ల మీద కాగితంపై గీసిన యూటీఎఫ్-8 పద్ధతి తెలుగు అక్షరానికి మూడు బైట్లు ఇచ్చింది, బాల్కొండకు ఇరవై నాలుగు అలా వచ్చినవే. అక్షరాలు వర్ణమాల వరసలో సంఖ్యలు పొందడం వల్ల కలిగే లాభం చెప్పాలంటే మా జిల్లా నుంచే ఉదాహరణ ఉంది. 2019 ఏప్రిల్ 11న నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు, అందులో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులు. బాల్కొండ కూడా ఆ స్థానంలోదే. ఒక్కో యూనిట్ మీద 16 పేర్ల లెక్కన పోలింగ్ కేంద్రానికి 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సొచ్చింది. బ్యాలెట్ మీద పేర్లు పార్టీల తరగతి ప్రకారం విడదీసి అక్షర క్రమంలో ఉండాలని చట్టం. ముక్కల బొమ్మలుగా దాచిన పేర్లనిస్తే యంత్రం వాటిని అకారాదిగా పేర్చలేదు. దానికి అందులో అకారమే కనబడదు.

యూనికోడ్ గళ్ళు ఉన్నంత మాత్రాన తెలుగు రాయడం రాదు. ఫాంట్ కావాలి, కీబోర్డు కావాలి, అప్పటికే బొమ్మల్లో ఇరుక్కున్నదాన్ని బయటికి లాగేవాళ్ళు కావాలి. ఫాంట్ల పనిలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు ముందున్నారు, ఆయన పోతన, వేమన ఫాంట్ల మీద ఓ తరం ఇంటర్నెట్ తెలుగు చదువుకుంది. వెన్న నాగార్జున చేసిన పద్మ అన్న ఫైర్‌ఫాక్స్ పొడిగింపు, పత్రికల వెబ్‌సైట్లలోని సొంత ఫాంట్ల రాతను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి తిప్పి చూపించేది. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిందీ ఆయనే. 2006లో వీవెన్ లేఖిని పెట్టారు. ఎడమ వైపు ఆర్‌టీఎస్‌ను పోలిన రోమన్ రాత కొడుతుంటే పక్కన తెలుగు పడుతుంటుంది, ఏమీ దించుకోనక్కర్లేదు, ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు డబ్బు కట్టి కూర్చున్నవాడు కూడా రాసుకోవచ్చు. తెలుగు బ్లాగుల వెల్లువ ఆ పేజీలోంచే వచ్చిందంటే అతిశయోక్తి కాదు. లేఖిని వెనక ఉన్నది పద్మ కోడ్, వేళ్ళకు నేర్పింది రైస్ వాళ్ళ పద్ధతి. కాబట్టి చివరికి జరిగింది ఇది: అక్షరాన్ని దాచే చోట ఇస్కీ గెలిచింది, మీటల దగ్గర ఆర్‌టీఎస్ గెలిచింది. ఇన్‌స్క్రిప్ట్ నా బోటి నలుగురికి మిగిలింది.

ఈ గెలుపుకి ఖర్చు ఉంది. తెలుగు మాట రాయడానికి ముందు ఇంగ్లీషు స్పెల్లింగ్ తట్టే తరం తయారైంది. లేఖిని వాడిన తరానికి పెద్ద ఎల్, చిన్న ఎల్ మధ్య తేడా తెలుసు, అంటే ళకూ లకూ తేడా తెలుసు. ఇప్పటి ఫోన్ కీబోర్డులు ఎలా కొట్టినా ఊహించి ఇస్తాయి, ఊహించినదాన్ని ఒప్పుకునే చదువరికి ఆ తేడా తెలియాల్సిన అవసరం లేదు. సౌకర్యం నాకూ ఇష్టమే, కానీ ఆర్‌టీఎస్ పట్టింపు వేరు, ఈ ఊహ వేరు. రెండింటినీ ఒక గాట కట్టొద్దు.

అక్షరాన్ని దాచడం నేర్చుకున్నాక కూడా ఎడిటర్లకు తెలుగు లొంగలేదు. విమ్ నడిచే టెర్మినల్ ఒక గళ్ళ కాగితం. గడికో అక్షరం. చైనీయుల అక్షరం లావు కాబట్టి దానికి రెండు గళ్ళిస్తారు. మరి ల్కొంకు ఎన్ని గళ్ళు? పక్కకు పోవాలా, కిందికి దిగాలా? క అక్కడ ల కింద ఒత్తుగా మారి, ఒత్వం పైన కూర్చుని, సున్న పక్కన నిలబడుతుంది. టెర్మినల్ దీన్ని తలా ఒక గడిలోకి విడగొట్టేస్తుంది, కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. అందుకే తెలుగు విషయంలో మాత్రం నేను ఈమ్యాక్స్ పక్షం. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, రోమన్ పద్ధతులు రెండూ అందులోనే ఉన్నాయి. 2020లో వచ్చిన 27వ కూర్పు నుంచి అక్షరాల ఆకారం కట్టే పనిని హార్ఫ్‌బజ్‌కు అప్పగించారు, ఒత్తులు చక్కగా కుదురుతున్నాయి. పేరు వింతగా ఉందనుకుంటారేమో, ఫార్సీలో హర్ఫ్ అంటే అక్షరం. నిజాం కాలపు కాగితాలు చూసిన ఇళ్ళలో ఈ మాట కొత్త కాదు.

వెనక్కి చెరిపే మీట సంగతి ఇంకో ముచ్చట. ల్కొం తర్వాత బ్యాక్‌స్పేస్ కొడితే మొత్తం పోవాలా, సున్న ఒక్కటే పోవాలా? చాలా ఎడిటర్లలో సున్న ఒక్కటే పోతుంది, మళ్ళీ కొడితే ఒత్వం. అదే ముందున్నదాన్ని చెరిపే డిలీట్ కొడితే ల్కొం మొత్తానికి మొత్తం పోతుంది, లేదంటే అందులో ల్ వరకే పోతుంది. తెలియనివాళ్ళకిది తిక్కగా తోస్తుంది గానీ రాసేవాడికిదే మేలు, ఒత్తు తప్పు పడితే ఒత్తు మటుకే దిద్దుకోవచ్చు. యూనికోడ్ 15.1 కూర్పు 2023 సెప్టెంబరులో ఒత్తుతో కలిసిన హల్లుల్ని ఒకటిగా లెక్కపెట్టాలన్న సూత్రం చేర్చింది. మొదట్లో చెప్పిన నాలుగు మూడైంది అందువల్లే.

ఇవన్నీ సణుగుళ్ళు అనుకునేవాళ్ళకు 2018 ఫిబ్రవరి గుర్తుండాలి. ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చేస్తోందని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, దాని తర్వాత దీర్ఘం. ఈ వరస ఉన్న సందేశం వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఫోన్‌లో యాప్ పడిపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే పడి లేస్తూ ఉండేది. ఫిబ్రవరి 19న 11.2.6తో ఆపిల్ సరిచేసింది. వార్తలన్నీ తెలుగు అక్షరాన్ని నేరస్థుణ్ణి చేశాయి. జ్ఞాన మామూలుగా రాస్తే ఏ ఫోనూ కూలలేదు. మధ్యలో ఆ కనబడని గుర్తు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఆకారం కట్టే కోడ్‌కు తోచలేదు, అంతే.

ఆ కనబడని గుర్తు మాత్రం మనకు రోజూ అవసరం. నిజామాబాద్‌లో అని రాయాలంటే ద్ తర్వాత అది పెట్టాలి, లేకపోతే నిజామాబాద్లో అయి ల ఒత్తు కిందికి దిగుతుంది. చిక్కేమిటంటే కొందరు బాల్‌కొండ అని ఆ గుర్తు పెట్టి విడదీసి రాస్తారు, కొందరు బాల్కొండ అని కలిపి రాస్తారు. మనిషి రెండూ ఒకటే ఊరని చదువుకుంటాడు. గ్రెప్ చదువుకోదు. ఫైల్లో ఊరి పేరు వెతికితే సగమే దొరికి, మిగతా సగం లేదనుకుని వెళ్ళిపోతాం. పాత రాతల్లో వెతికే పనిపెట్టుకున్నప్పటి నుంచి, వెతికే ముందు ఆ గుర్తుల్ని తీసేసే నాలుగు లైన్ల స్క్రిప్టు నా ఈమ్యాక్స్‌లో శాశ్వతంగా ఉండిపోయింది.

మేనమామ ఫైళ్ళ పని అక్కణ్ణించే మొదలైంది. దొరికిన మార్పిడి ప్రోగ్రాంలన్నీ ముందు ప్రయత్నించాను. ముప్పాతిక వంతు తెలుగై వచ్చింది. మిగతా పావు వంతులోనే అసలు మాటలున్నాయి. మామూలు తెలుగుకు చేసిన పట్టికలు అవి, మా వైపు రైతు మాటలు వాటికి తెలియవు. డీటీపీలో టైపు చేసినవాళ్ళు అందం కోసం ఒక ముక్క బదులు దాన్ని పోలిన ఇంకో ముక్క పెట్టిన చోట్లున్నాయి, కాగితం మీద తేడా కనపడదు కదా. ఒత్తు పక్క అక్షరం కిందికి జరిగిన చోట్లున్నాయి. ముక్కకూ అక్షరానికీ సొంత పట్టిక ఒకటి రాసుకోవాల్సొచ్చింది, రెండు వందల పైచిలుకు వరసలు. క్రారవడిని వెనక్కి జరపడం, రెండు రకాల కొమ్ముల్ని ఒకటి చెయ్యడం, వ పక్కన ముక్క పడితే అది వునా మనా అన్నది చుట్టుపక్కల చూసి తేల్చడం. ఆదివారాలు పట్టాయి.

ఇప్పుడది ఒక సాదా ఫైలు. యూటీఎఫ్-8, మాటకో వరస, అకారాదిగా పేర్చి ఉంది. ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది. పదకొండు మాటలు మాత్రం తేలలేదు. వాటిలో ఒత్తు ఏ అక్షరం కిందిదో, కొమ్ము పొట్టిదో పొడుగుదో ఫైలు చెప్పడం లేదు. ఎదురుగా అర్థం రాసే ఉంది, ఆరింటికి ఉడకబెట్టే పనికి సంబంధించిన అర్థం, మూడింటికి తూకానికి, రెండింటికి విత్తనానికి. వాటిని ఓ కాగితం మీద పెద్దగా రాసి, అర్థం చెప్పి, దీన్ని మీరేమంటరు పెద్దనాయినా అని ఆర్మూర్ వైపు ముసలి రైతుల్ని అడుగుతున్నాను. నాలుగు దొరికాయి. ఒకదానికి ముగ్గురు మూడు మాటలు చెప్పారు, మూడూ ఫైల్లో రాసిపెట్టుకున్నాను.